పురుగుమందు మన ఎంజైమును ఏమి చేస్తుంది?



అన్నం ముద్దను వెంటనే మింగక కాసేపు నమిలి చూడండి, కొంచెం తియ్యబడుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది. ఎంజైములు దాదాపు అన్నీ ప్రోటీన్లే. శరీరంలోని రసాయన మార్పులను ఇవి ఎంతో వేగంగా జరిపిస్తాయి, తాము మాత్రం ఖర్చయిపోవు. తాళానికి దాని తాళంచెవే పట్టినట్లు, ఒక్కో ఎంజైము తనకు తగిన పదార్థం మీదే పనిచేస్తుంది.

అలాంటిదే ఎసిటైల్ కోలినెస్టరేజ్. కండరం కదలాలంటే నరం ఎసిటైల్ కోలిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. కబురు అందగానే ఈ ఎంజైము దానిని విడగొడుతుంది, కండరం సడలుతుంది. పురుగుల నాడీవ్యవస్థలో కూడా ఈ ఎంజైము ఉంది.

మన పత్తి, మిరప రైతులకు తెలిసిన ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఈ ఎంజైముకు అతుక్కొని దాని పని ఆపేస్తాయి. పురుగు చచ్చేది అందుకే. మనిషికి జరిగేదీ అదే. కబురు ఆగక నోట చొంగ, చెమట, కన్నీరు కారతాయి. వాంతులు, విరేచనాలు అవుతాయి. కంటిపాప చిన్నదవుతుంది, కండరాలు అదురుతాయి, ఊపిరితిత్తులలో స్రావాలు నిండి ఆయాసం వస్తుంది.

మందు తాగితేనే ప్రమాదం అనుకోవద్దు. చర్మం గుండా, శ్వాస ద్వారా కూడా లోపలికి పోతుంది. తడిసిన బట్టలు వెంటనే తీసివేయండి. తల, గోళ్లతో సహా సబ్బుతో బాగా కడగండి. సాయం చేసేవారు చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. స్పృహ తప్పితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోన్ చేయండి, మందు డబ్బా వెంట తీసుకురండి.

ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ స్రావాలను తగ్గిస్తుంది. ప్రాలిడాక్సిమ్ అతుక్కున్న మందును ఎంజైము నుండి విడిపించగలదు. ఆలస్యమైతే ఆ పట్టు బిగుసుకుపోతుంది, అప్పుడది పనిచేయదు. రోగి తేరుకున్నట్లు కనిపించినా ఒకటి నుండి నాలుగు రోజులలో మెడ, శ్వాస కండరాలు బలహీనపడవచ్చు. అందుకే బంధువులు ఇంటికి పంపమని తొందరచేసినా మేము ఒప్పుకోము.

పాడైన ఎంజైము స్థానంలో శరీరం కొత్తది తయారు చేసుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా మళ్లీ పిచికారీకి పోతే కొద్ది మందు కూడా ప్రాణం మీదికి తేవచ్చు. రోజూ మందు కొట్టే కూలీలకు తెలియకుండానే ఈ ఎంజైము తగ్గుతూ పోవచ్చు. రక్తపరీక్షతో ఆ సంగతి తెలుస్తుంది.

కాబట్టి ఒకసారి మందు సోకిన వారిని డాక్టరుగారు చెప్పేవరకు చేనికి పంపకండి. ఆ కొద్ది రోజుల కూలి కంటే మనిషి ముఖ్యం. దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక.