వయోజన స్నేహం, ఒంటరితనం: తెలుగు సంబోధనల ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
ఏకాంతం మనిషి కోరి తెచ్చుకునేది. ఒంటరితనం కోరకుండానే వచ్చి చేరేది. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లో వెలువరించిన గ్రంథంలో ఒంటరితనాన్ని రెండు విధాలుగా వింగడించాడు. ఆత్మీయులు లేకపోవడం వల్ల కలిగేది ఉద్వేగపరమైనది; కలసిమెలసి తిరిగే బృందం లేకపోవడం వల్ల కలిగేది సామాజికమైనది. ఒకదాని లోటును మరొకటి పూడ్చలేదు. కనుకనే దాంపత్యం సవ్యంగా ఉన్నవారికి సైతం మిత్రుల కొరత తెలుస్తుంది. ఉద్యోగరీత్యా ఊరు మారిన వయోజనులలో ఈ కొరతకు గల కారణాలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

స్నేహానికి పట్టే కాలం:
జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పరిచయస్థులు సాధారణ మిత్రులు కావడానికి సుమారు 50 గంటలు, ఆప్తమిత్రులు కావడానికి 200 గంటలకు పైగా సాహచర్యం అవసరం. కలిసి పనిచేసిన గంటల కంటే తీరికగా కలిసి గడిపిన గంటలే సాన్నిహిత్యాన్ని పెంచుతాయి. హాస్టలు గదిలో ఆ గంటలు కొన్ని వారాలలోనే సమకూరుతాయి. వారానికి రెండు గంటలు మాత్రమే కలిసే ఉద్యోగులకు దాదాపు రెండేళ్లు పడుతుంది.

సంబోధన - సమానత్వం:
తెలుగువారు కొత్తవారిని ఎక్కువగా రెండు విధాలుగా పలకరిస్తారు. అన్న, అక్క, బాబాయి, పిన్ని వంటి బంధువాచకాలు వయోభేదాన్ని గుర్తుచేస్తాయి. సార్, మేడమ్ వంటి గౌరవవాచకాలు హోదాను గుర్తుచేస్తాయి. పరస్పరం ‘నువ్వు’ అనుకునే చనువు ప్రధానంగా విద్యార్థి దశలో ఏర్పడుతుంది. ప్రాంతాన్ని బట్టి వాడుకలో భేదాలున్నా, ఒకే శాఖలో పదేళ్లు పనిచేసిన అధ్యాపకులు ‘మీరు’ దగ్గరే ఆగిపోవడం అరుదు కాదు. ఒకరు చొరవ చేసి ‘నువ్వు’ అంటే అది చనువో అమర్యాదో ఎదుటివారికి వెంటనే తేలదు. స్త్రీపురుషుల మధ్య ఈ సంకోచం మరింత ఎక్కువ.

అయితే ‘మీరు’ స్నేహానికి అవరోధమని భావించరాదు. జీవితాంతం ‘మీరు’ అనుకుంటూనే ఆప్తులైనవారు ఉన్నారు. వారిని దగ్గర చేసింది సంబోధన కాదు, పనితో నిమిత్తం లేకుండా కలిసి గడిపిన కాలం.

ముగింపు:
వయోజనుల ఒంటరితనాన్ని వ్యక్తిత్వలోపంగా చూడటం సరికాదు. విద్యార్థి దశలో అప్రయత్నంగా దొరికిన సమానస్థాయి, తీరిక ఆ తరువాత దొరకవు. వాటిని ప్రయత్నపూర్వకంగా కల్పించుకోవాలి. సెమినార్లు పరిచయాలను పెంచుతాయి. ఆ పరిచయం స్నేహం కావాలంటే నియమంగా సాగే సాయంత్రపు నడకో, ప్రమోషన్ల లెక్కలోకి రాని పఠనగోష్ఠో కావాలి.