మహాపురుషుల పట్టికలు – మన స్త్రీలు

లోకమునందు అందఱికంటె గొప్పవా రెవరు? ఈ ప్రశ్నకు ఒక్కొక్క దేశము ఒక్కొక్క యుత్తర మొసగుచున్నది. బ్రిటను ప్రజలు 2002లో చర్చిలునకును, జర్మనులు 2003లో ఆడెనౌవరునకును ప్రథమస్థాన మిచ్చిరి. మన దేశమున 2012లో గాంధీమహాత్ముని పోటీకి అతీతునిగా నెంచి ప్రక్క నుంచి, స్వాతంత్ర్యానంతర భారతీయులలో శ్రేష్ఠు నెన్నుకొనగా, అంబేడ్కరుగారికి అగ్రస్థానము లభించెను.

అమెరికా దేశస్థుడగు మైకేల్ హార్ట్ 1978లో లోకమునకంతకు నొక నూర్గురి పట్టికను ప్రకటించెను. అందు మహమ్మదు ప్రవక్త మొదటివారు, న్యూటను రెండవవాడు, ఏసుక్రీస్తు, బుద్ధుడు తరువాతివారు. కాగితమును ప్రసాదించిన చీనా దేశీయుడు త్సై లున్‌కు ఏడవ స్థానము దక్కెను. తాను తూచినది మంచితనమును గాదనియు, ప్రభావమును మాత్రమే యనియు హార్ట్ చెప్పెను. ఆ నూర్గురిలో స్త్రీ లిరువురే. స్పెయిను ఇసబెల్లా, ఇంగ్లండు ఎలిజబెత్తు: ఇరువురును సింహాసన మెక్కిన రాణులే.

మన హైదరాబాదు మాత్ర మేమి? 1986లో ట్యాంకుబండుపై ముప్పదిమువ్వురు తెలుగు ప్రముఖుల విగ్రహములు నిలిచెను. వానిలో రుద్రమదేవియు, మొల్లయు గలరు. తెలంగాణ వైతాళికులకు తగిన చోటు లేదను ఆవేదన పెరిగి, 2011 మార్చి 10వ తేదీన ఉద్యమకాలమున పలు విగ్రహములు కూలినవి. పట్టికలో పేరు లేకుండుట యెంత బాధాకరమో దీనివలన తెలియుచున్నది.

అయితే ఈ బాధకు వేఱొక మందు గలదు. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికతో బదులిచ్చిరి. అందు 354 మంది కవులు కనబడిరి. స్త్రీల విషయమున నీ పనిని అంతకు ముందే ఒక సోదరి చేసియుండెను. 1874లో జనించి 1905లో ముప్పది యేండ్లకే గతించిన బండారు అచ్చమాంబగారు, ఇంటనే చదువు నేర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమున స్త్రీల చరిత్రలను ప్రోగుచేసిరి. వెదకువారు లేనందుననే పేర్లు మఱుగుపడుచున్నవి గాని, గొప్పవారు లేక కాదు.

ప్రభావమే కొలత యైనచో మన దినచర్యనే పరికింతము. గౌలిపురవంటి పాతపట్టణపు పేటలలో కాపురముండు గృహిణికి నీటి విలువ చెప్పనక్కఱలేదు. 1908 మూసీ వఱదలో వేలకొలది ప్రాణములు పోయినవి. పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సలహాపై జలాశయములు తలపెట్టబడి, 1920లో ఉస్మానుసాగరు పూర్తియయ్యెను. వఱదను ఆపి నీటినిచ్చిన యింజనీరు ఏ చక్రవర్తికి దీసిపోవును? బిడ్డకు తొలి యక్షరము దిద్దించిన తల్లి యెవరికి దీసిపోవును?

సోదరీమణులారా! మీ బాలబాలికలచేత పదిమంది గొప్పవారి పేర్లు వ్రాయింపుడు. ప్రతి పేరునకు ఎదుట కారణమును గూడ వ్రాయుమనుడు. అందు స్త్రీ లెందఱో లెక్కింపుడు. తక్కువైనచో బిడ్డలను మందలింపవలదు. వారికి మనము చెప్పక మిగిల్చిన కథలను నేటి రాత్రియే మొదలిడుదము.