‘స్టెఫానియా’కు పడిన 439

2022 మే 14న ఇటలీలోని టురిన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో ఉక్రెయిన్ తరఫున కలుష్ ఆర్కెస్ట్రా పాడిన ‘స్టెఫానియా’ 631 పాయింట్లతో గెలిచింది. రెండో స్థానం బ్రిటన్‌ది, 466. యుద్ధంలో ఉన్న దేశం కాబట్టి జాలిపడి గెలిపించారని అప్పట్లో చాలామంది తేల్చేశారు. అంకెలు విడదీసి చూస్తే ఆ మాట పూర్తిగా నిలబడదు.

ఆ ఏడాది 40 దేశాలు పాల్గొన్నాయి. ఒక్కో దేశం నుంచి రెండు తీర్పులు: ఐదుగురు సంగీత నిపుణుల జ్యూరీది ఒకటి, ప్రేక్షకుల ఓట్లది ఇంకొకటి. రెండింటిలోనూ మొదటి పాటకు 12, రెండోదానికి 10, ఆపైన 8 నుంచి 1 దాకా. సొంత పాటకు వేసుకోకూడదు. అంటే ఒక పాటకు ఒక్కో వైపు నుంచి రాగలిగేది గరిష్ఠంగా 39 పన్నెండ్లు, 468.

జ్యూరీలు ఉక్రెయిన్‌కు ఇచ్చినవి 192. బ్రిటన్ (283), స్వీడన్ (258), స్పెయిన్ (231) తర్వాత నాలుగో స్థానం. ప్రేక్షకులు ఇచ్చినవి 439. వారి లెక్కలో రెండోదైన మాల్డోవాకు 239 మాత్రమే. 28 దేశాల ప్రేక్షకులు పూర్తి 12 ఇచ్చారు, అది 336. మిగతా 103 పాయింట్లు 11 దేశాలవి. వాటిలో ఒక్కటి సున్నా ఇచ్చి ఉంటే, మిగిలిన పదీ తలా 10 ఇచ్చినా మొత్తం 100 దాటదు. అంటే ఏ దేశమూ ఈ పాటను వదిలేయలేదు.

వలస వెళ్లిన ఉక్రెయిన్ వాళ్లే ఓట్లు గుద్దేశారన్న వాదన ఇక్కడే బలహీనపడుతుంది. ఒక దేశంలో ఎన్ని లక్షల ఓట్లు పడినా దక్కేది 12కు మించదు. ఎనిమిది కోట్ల జర్మనీకీ, ఐదు లక్షల మాల్టాకీ విలువ ఒక్కటే. 39 చోట్లా పాయింట్లు రావాలంటే స్థానికుల మనసు కదలాలి.

యుద్ధం ప్రభావం లేదని కాదు. పాట ముగియగానే గాయకుడు ఒలేహ్ ప్సియుక్ మరియుపోల్ నగరాన్ని, అక్కడి అజోవ్‌స్టల్ ఉక్కు కర్మాగారంలో చిక్కుకున్నవారిని కాపాడమని వేదిక మీదే వేడుకున్నాడు. జ్యూరీలు ముందురోజు రాత్రి రిహార్సల్ చూసి అప్పటికే మార్కులు వేసేశాయి. ఆ వేడుకోలు విన్నాక ఓటు వేసింది ప్రేక్షకులు.

కానీ పాట యుద్ధం కోసం పుట్టలేదు. ప్సియుక్ తన తల్లి మీద రాసుకున్న పాట అది. ర్యాప్‌కు పల్లె పిల్లనగ్రోవిని జోడించారు. ఫిబ్రవరి 12న దేశీయ ఎంపికలో రెండోదిగా మిగిలింది. గెలిచిన గాయని తప్పుకోవడంతో 22న అవకాశం దక్కింది. రెండు రోజులకే రష్యా దండయాత్ర మొదలైంది. తల్లి పాటను జనం మాతృదేశం పాటగా వినడం ఆ తర్వాతే.

ఇంకో లెక్క చూడండి. జ్యూరీల 192 ఉండగా బ్రిటన్ 466ను దాటడానికి ప్రేక్షకుల నుంచి 275 చాలు. మిగతా పాటల పాయింట్లు కదలకపోతే, 439లో 164 తగ్గినా గెలుపు ఉక్రెయిన్‌దే. ఆ 164 సానుభూతి అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఓటు వేసేవాడు గుండె పక్కనపెట్టి వేయాలని ఏ నిబంధనా లేదు.

గెలిచిన దేశమే మరుసటి ఏడాది పోటీ నిర్వహించాలి. యుద్ధం వల్ల అది కుదరక, 2023లో ఉక్రెయిన్ తరఫున బ్రిటన్ లివర్‌పూల్‌లో నిర్వహించింది. బృందం తన ట్రోఫీని వేలం వేస్తే 9 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు ఉక్రెయిన్ సైన్యానికి డ్రోన్లు కొనడానికి వెళ్లింది.