వారానికి 55 గంటలు దాటితే

వారంలో ఉన్నవి 168 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున నిద్రకు 56 తీసేద్దాం. స్నానం, తిండి వంటివాటికి రోజుకు 2 గంటలు వేసుకుంటే 14. హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి వెళ్లొచ్చే మనిషికి రాకపోకలకే రోజుకు 3 గంటలు పడుతుందనుకుంటే, ఆరు రోజులకు 18. ఇవన్నీ పోగా మిగిలేవి 80 గంటలు. అందులో 48 పనికి ఇస్తే ఇంటికి, పిల్లలకు, తన సొంతానికి 32 గంటలు దక్కుతాయి. 70 ఇస్తే దక్కేవి 10. 90 ఇస్తే 10 గంటలు లోటు. ఆ లోటు ఎక్కువగా నిద్రలోంచే పూడుతుంది.

ఈ 70, 90 ఊహించి వేసిన అంకెలు కావు. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి 2023 అక్టోబరులో అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల మాట ఎత్తారు. అదే నెలాఖరున పార్లమెంటు ముందుకొచ్చిన ఆర్థిక సర్వే మాత్రం, వారానికి 60 గంటలు దాటి పనిచేస్తే ఆరోగ్యం దెబ్బతినే ప్రమాదం ఉందని పరిశోధనలను చూపించి హెచ్చరించింది.

ఆ ప్రమాదం ఎంతటిదో లెక్కగట్టిన వారున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రచురించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలోనే అతి పని కారణంగా పక్షవాతంతో 3,98,000 మంది, గుండె జబ్బుతో 3,47,000 మంది చనిపోయారు. మొత్తం 7,45,000. వీరిలో 72 శాతం మగవాళ్లు. 2000తో పోలిస్తే ఈ మరణాలు 29 శాతం పెరిగాయి.

ఈ లెక్కలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది వయసు. చనిపోయినవారిలో అత్యధికులు 60 నుంచి 79 ఏళ్ల మధ్యవారు. వాళ్లు గంటలు లెక్కచూడకుండా పనిచేసింది అంతకు ఎన్నో ఏళ్ల ముందు. ఒత్తిడికి ఒంట్లో ఊరే హార్మోన్లు రక్తపోటును పెంచుతూ పోతాయి. మరోవైపు నిద్ర తగ్గుతుంది, నడక ఆగిపోతుంది, సిగరెట్టు, మద్యం అలవాటవుతాయి. ఇవన్నీ కలిసి జబ్బుగా బయటపడేనాటికి మనిషి ఆ కంపెనీలోనే ఉండడు. అప్పటి పనికీ ఇప్పటి పక్షవాతానికీ సంబంధం కట్టేవాళ్లుండరు. నష్టం కంపెనీ పద్దులో ఎక్కడా కనిపించదు. అది కుటుంబం పద్దులో పడుతుంది.

పోనీ, అన్ని గంటలు పనిచేయిస్తే పనైనా పెరుగుతుందా? దీనికి నూరేళ్ల కిందటి లెక్క ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో మందుగుండు ఫ్యాక్టరీల కార్మికుల చేత ఆదివారాలు కూడా పని చేయించారు. వాళ్ల ఆరోగ్యం చూడటానికి ప్రభుత్వం 1915లో ఒక కమిటీ వేసింది. కమిటీ పరిశోధకులు ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో, ఎంత సరుకు తయారైందో రాసిపెట్టారు. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ ఇటీవలి కాలంలో ఆ పాత లెక్కలను తిరగతోడారు. వారానికి సుమారు 50 గంటల దాకా గంటలతోపాటు ఉత్పత్తీ పెరిగింది. ఆ తర్వాత పెరిగే వేగం మందగించింది. 70 గంటలు పనిచేసినప్పుడు తయారైన సరుకుకూ 56 గంటల్లో తయారైనదానికీ పెద్ద తేడా లేదు. అంటే పైన పెట్టిన 14 గంటలు దాదాపు వృథా. అదీ యుద్ధం వేళ, తూటా తూటాకూ విలువున్న రోజుల్లో.

మన చట్టం ఏమంటోంది? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అని గీత గీసింది. అది దాటితే రెట్టింపు కూలి. 2025లో తెలంగాణ వాణిజ్య సంస్థల్లోనూ, ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లోనూ రోజువారీ పరిమితిని 10 గంటలకు పెంచాయి. వారం పరిమితి 48 అలాగే ఉంది కదా అని ఊరట చెందబోయే ముందు ఓవర్‌టైం లెక్క చూడాలి. రెండు రాష్ట్రాలూ మూడు నెలలకు 144 గంటల దాకా ఓవర్‌టైంకు వీలు కల్పించాయి. మూడు నెలలంటే 13 వారాలు. 144ను 13తో భాగిస్తే వారానికి 11. 48కి 11 కలిపితే 59. ఏ చట్టాన్నీ అతిక్రమించకుండానే మనిషి 55 గంటల గీత దాటిపోతాడు. రెట్టింపు కూలి న్యాయమే. అది పక్షవాతం ముప్పును మాత్రం తగ్గించదు.

ఇక హైదరాబాద్ సంగతి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరింది. 71 శాతం మంది ఊబకాయులు. 345 మంది చిన్న సంఖ్యే, దాన్నిబట్టి మొత్తం ఐటీ రంగానికి 84 అని ముద్ర వేయకూడదు. అయినా వీళ్లు పనిచేసే వయసులో ఉన్నవాళ్లని మరచిపోకూడదు.

ఇలాంటి అంకెలు చూసి కంపెనీలు చేసేదేమిటి? యోగా క్లాసు, ధ్యానం యాప్, అడుగుల పోటీ, ఒత్తిడిని తట్టుకోవడంపై ఉపన్యాసం. వీటి ఫలితాన్నీ కొలిచారు. అమెరికాలో ఒక దుకాణాల సంస్థకు చెందిన 160 కేంద్రాల్లో సుమారు 33,000 మంది ఉద్యోగులున్నారు. చీటీ తీసినట్టు 20 కేంద్రాలను ఎంచి, అక్కడ ఆరోగ్య కార్యక్రమం నడిపి, ఏడాదిన్నర తర్వాత పోల్చి చూశారు. వ్యాయామం చేస్తున్నామని చెప్పినవారు పెరిగారు. రక్తపోటులో, కొలెస్ట్రాల్‌లో, సెలవుల్లో, వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది సమాధానాలను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ పరిశీలించి 2024లో ప్రచురించారు. యాప్‌లు, ఒత్తిడి శిక్షణలు వాడుకున్నవారు వాడుకోనివారికంటే మెరుగ్గా ఏమీ లేరు. యోగా మంచిదే. పని తీరు మార్చకుండా దానితో సరిపెట్టడమే తప్పు.

మరి ఏది పనిచేస్తుంది? మొదటిది, చేసే పనిపై మనిషికి పట్టు ఉండటం. లండన్‌లో 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనం 10,308 మంది ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. అందరివీ కుర్చీ ఉద్యోగాలే, అందరికీ ప్రభుత్వ వైద్యం ఉంది. అయినా హోదా తగ్గేకొద్దీ గుండె జబ్బు పెరిగింది. తమ పని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే వీలు లేకపోవడం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటని మైకేల్ మార్మాట్ బృందం 1997లో తేల్చింది. చిన్న ఉద్యోగానికి టెన్షన్ ఉండదని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. ఈ లెక్క దానికి పూర్తిగా ఎదురుగా ఉంది.

రెండోది, నేరుగా పైన ఉండే అధికారి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ అగ్నిమాపక శాఖ కొందరు అధికారులకు ఒక శిక్షణ ఇచ్చింది. కింది ఉద్యోగి మానసికంగా కుంగిపోయాడనిపిస్తే ఎలా గుర్తించాలి, ఎలా పలకరించాలి, సెలవులో ఉన్నవాడికి ఫోన్ చేసి ఏం మాట్లాడాలి, అంతే. శిక్షణ కాలం 4 గంటలు. ఆరు నెలల్లో ఆ అధికారుల కింద పనిచేసేవారిలో పని వల్ల వచ్చే అనారోగ్య సెలవులు 18 శాతం తగ్గాయి. శిక్షణ లేని అధికారుల దగ్గర పెరిగాయి. పెట్టిన ప్రతి రూపాయికీ దాదాపు పది రూపాయలు మిగిలినట్టు లెక్క తేలింది. ఉద్యోగులతో పాటు మేనేజర్లకూ మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. కుంగుబాటు, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని కూడా అదే సంస్థ చెబుతోంది. అంత పెద్ద నష్టం ముందు ఈ నాలుగు గంటలు ఏపాటి?

మీ కింద అయిదుగురు పనిచేస్తున్నా, యాభైమంది పనిచేస్తున్నా, ఈ వారం ఎవరెన్ని గంటలు పనిచేశారో ఒక కాగితం మీద రాయండి. రాత్రి పదింటికి మీరు చేసిన ఫోను కూడా అందులో కలపండి. 55 దాటిన పేరు కనిపిస్తే ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి, వచ్చే వారం అతని జాబితాలోంచి ఒక పని తీసేయండి.