'నెట్ పోయింది' అంటే ఏది పోయినట్టు? చిన్న ఆఫీసు సర్వర్, నెట్‌వర్క్ ప్రాబ్లమ్స్ పట్టుకోవడం ఎలా

ఇంట్లో ఫోన్ల గురించి అన్నీ తెలిసింది మీకే కాబట్టి, ఏదో ఒక రోజు మామయ్య దుకాణం నుంచి ఫోన్ రావడం ఖాయం. "కొంచెం వచ్చి పోప్పా, నెట్ పోయింది, టాలీ ఓపెన్ కాలేదు." ఈ ఒక్క మాటలో రెండు వేరు వేరు కంప్లైంట్లు ఉన్నాయి. చాలాసార్లు వాటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు. ఈ రెండిటినీ విడదీయడం తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఆదోనిలో పత్తి సీజన్ మధ్యలో ఈ ఫోన్ వస్తే విషయం ఇంకా సీరియస్. యార్డులో టెండర్ అయింది, తూకం అయింది. రైతు కమీషన్ దుకాణం ముందు కూర్చున్నాడు. పట్టీ ప్రింట్ అయితేనే డబ్బు చేతికొస్తుంది. కోసిగి, కౌతాళం నుంచో, బార్డర్ దాటి కర్ణాటక పల్లెల నుంచో వచ్చిన మనిషి చీకటి పడేలోపు ఊరు చేరాలి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో బట్టల షాపులకి పండగ ముందు ఇదే టెన్షన్. అంతమంది చూస్తుండగా మీరు చేసే మొదటి పని రూటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యడం అయితే, దయచేసి ఆగండి. దానివల్ల కొన్నిసార్లు ఉన్న ప్రాబ్లమ్ పెద్దదవుతుంది. ఎందుకో కింద చెప్తాను.

ముందు మామూలు సెటప్ ఒకసారి ఊహించుకోండి. మూల టేబుల్ కింద ఒక డెస్క్‌టాప్ ఉంటుంది, దాన్నే అందరూ 'సర్వర్' అంటారు. టాలీ డేటా ఫోల్డర్ అందులోనే. కౌంటర్ దగ్గర రెండు మూడు పీసీలు, ఒక ప్రింటర్, మధ్యలో 8 పోర్టుల స్విచ్. గోడకి ఫైబర్ కనెక్షన్ వాళ్లు బిగించిన రూటర్. కౌంటర్ పీసీలో గుమాస్తా ఎంట్రీ కొడితే ఆ డేటా కేబుల్‌లో స్విచ్‌కి, స్విచ్ నుంచి సర్వర్‌కి పోతుంది, అంతే. గది దాటదు. బయట ఫైబర్ తెగిపోయినా టాలీ నడవాలి. ఈ-నామ్ పోర్టల్, ఈ-వే బిల్లు, ఈ-ఇన్‌వాయిస్ మాత్రం ఇంటర్నెట్ మీద నడిచేవి, వాటి సర్వర్లు ఎక్కడో ఉన్నాయి.

కాబట్టి దుకాణంలోకి వెళ్లగానే మూడు విషయాలు చూడండి. మీ ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఆఫీస్ వైఫై మీద ఏదైనా సైట్ తెరవండి. తర్వాత సర్వర్ ముందే కూర్చుని టాలీ ఓపెన్ చెయ్యండి. చివరగా, అన్ని కౌంటర్ పీసీల్లోనూ రావట్లేదా, ఒక్కదాంట్లోనేనా అని అడగండి. సైట్ తెరుచుకుంది, సర్వర్‌లో టాలీ బాగుంది, కౌంటర్లలోనే రావట్లేదు అంటే గొడవ గది లోపలిదే. కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి తిట్టడం దండగ. ఒక్క పీసీలోనే రావట్లేదంటే ఆ పీసీ, దాని కేబుల్, స్విచ్‌లో దాని పోర్టు, ఈ మూడిట్లో ఒకటి. పోర్టు మార్చి చూడండి, కేబుల్ మార్చి చూడండి. సైట్ తెరుచుకోలేదు కానీ టాలీ నడుస్తోందంటే అది నిజంగానే నెట్ కంప్లైంట్. లారీ కదలడానికి ఈ-వే బిల్లు అర్జెంటైతే ఒక ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి తీసెయ్యండి, మిగతా ఆఫీసు జోలికి పోవద్దు.

రూటర్ మార్చిన మర్నాడు

నేను ఎక్కువసార్లు చూసిన కేసు ఇదే. కనెక్షన్ మార్చారు, లేదా పాత రూటర్ కాలిపోతే ఆపరేటర్ మనిషి కొత్తది పెట్టి వెళ్లాడు. ఫోన్లలో నెట్ సూపర్. పొద్దున టాలీ ఓపెన్ కాదు. గుమాస్తా అనేది ఒకటే, "నెట్ ఉంది గదా, టాలీ ఎందుకు రాదు?"

కౌంటర్ పీసీలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ కొట్టండి. సర్వర్‌లోనూ అదే కొట్టి రెండు నంబర్లు పక్కపక్కన రాసుకోండి. పాత రూటర్ 192.168.1 సిరీస్ ఇచ్చేది, సర్వర్‌కి 192.168.1.10 అని ఫిక్స్ చేసి పెట్టారు. కొత్త రూటర్ ఇచ్చే సిరీస్ వేరు. జియోఫైబర్ రూటర్లలో సాధారణంగా 192.168.29, కొన్ని హువావే ఫైబర్ బాక్సుల్లో 192.168.100 ఉంటుంది. కౌంటర్ పీసీలు కొత్త సిరీస్‌లోకి మారిపోయాయి. సర్వర్ మాత్రం పాత అడ్రస్ పట్టుకుని కూర్చుంది. ఒకే స్విచ్‌కి వైర్లు ఉన్నా, అవి వేరే వీధుల్లో ఉన్నట్టే లెక్క.

దీనికి చాలామంది సర్వర్ అడ్రస్ మార్చి, ప్రతి పీసీలో డ్రైవ్ మళ్లీ కలుపుతారు. దానికంటే కొత్త రూటర్‌లోకి లాగిన్ అయి దాని లోకల్ అడ్రస్‌ను 192.168.1.1 చేసెయ్యడం తేలిక. ఒక్కచోట మారిస్తే చాలు, పీసీలన్నీ పాత సిరీస్‌కే వస్తాయి. అప్పుడే కౌంటర్ పీసీలకి కేబుల్ తీసి మళ్లీ పెట్టండి, కొత్త అడ్రస్ తీసుకుంటాయి.

అసలు సర్వర్‌కి అడ్రస్ ఫిక్స్ చెయ్యని ఆఫీసులు ఇంకో రకం. అక్కడ రూటర్ ఎవరికి ఏ నంబర్ ఇవ్వాలో తనే తేలుస్తుంది. రీస్టార్ట్ చేస్తే చిన్న రూటర్లలో కొన్ని పాత లిస్ట్ మర్చిపోతాయి. నిన్న 10 నంబర్‌తో ఉన్న సర్వర్ ఇవాళ 14 అవుతుంది. కౌంటర్లు మాత్రం ఇంకా 10 కోసమే వెతుకుతుంటాయి. 'రూటర్ రీస్టార్ట్ చెయ్యకండి' అన్నది ఇందుకే. ముందు నంబర్లు నోట్ చేసుకోండి, తర్వాత మీ ఇష్టం.

ఐపీకాన్ఫిగ్‌లో 169.254తో మొదలయ్యే నంబర్ కనిపిస్తే, ఆ పీసీకి ఎవరూ అడ్రస్ ఇవ్వలేదు, విండోసే ఏదో ఒకటి తగిలించుకుంది అని అర్థం. కేబుల్ ఊడిందా, స్విచ్‌లో లైట్లు వెలుగుతున్నాయా, రూటర్ ఆన్‌లో ఉందా అని చూడండి. సాఫ్ట్‌వేర్ జోలికి ఇంకా పోనక్కర్లేదు.

ఇంకొకటి ఉంది, దాంట్లో మాత్రం పిచ్చెక్కుతుంది. పొద్దున ఒక పీసీలో వస్తుంది, మధ్యాహ్నం అదే పీసీలో రాదు, పక్కదాంట్లో వస్తుంది. వైఫై రేంజ్ కోసం ఎవరో ఇంట్లో ఉన్న పాత రూటర్ తెచ్చి స్విచ్‌కి కలిపి ఉంటారు. ఇప్పుడు ఆఫీసులో అడ్రస్‌లు పంచేవాళ్లు ఇద్దరు. ఏ పీసీ అడిగినప్పుడు ఎవరు ముందు పలికితే వాళ్ల నంబర్ వస్తుంది. రెండో రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆఫ్ చేస్తే గొడవ పోతుంది.

నన్నడిగితే, ఆపరేటర్ ఇచ్చిన బాక్స్ మీద ఆఫీసు నెట్‌వర్క్ ఆధారపడకూడదు. ఒక మామూలు రూటర్ సొంతంగా కొని, ఆపరేటర్ బాక్స్ నుంచి వచ్చే కేబుల్‌ను దాని వ్యాన్ పోర్టులో పెట్టండి. లోపలికి 192.168.50 లాంటి, బయటి బాక్స్ వాడని సిరీస్ ఇవ్వండి. ఆపరేటర్ రేపు ఏ బాక్స్ మార్చినా లోపల ఆకు కూడా కదలదు. డబుల్ నాట్ అవుతుందని గేమింగ్ చేసేవాళ్లు అంటారు, నిజమే. కానీ పట్టీలు కొట్టే ఆఫీసుకి దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

పింగ్‌ను పూర్తిగా నమ్మొద్దు

నంబర్లు ఒకే సిరీస్‌లో ఉన్నా టాలీ రాలేదు. అందరూ చెప్పేది పింగ్ కొట్టమని. రిప్లై వస్తే మంచిదే. రాకపోతే సర్వర్ చచ్చిపోయిందని కాదు. రూటర్ మారితే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్ ప్రొఫైల్‌లో పెడుతుంది. పబ్లిక్ అంటే దాని లెక్కలో బస్టాండ్ వైఫై లాంటిది. ఫైల్ షేరింగ్ ఆపేస్తుంది, మామూలుగా పింగ్‌కి జవాబు కూడా ఇవ్వదు.

పింగ్ ఫెయిల్ అయిన వెంటనే ఏఆర్‌పీ -ఏ అని కొట్టండి. సర్వర్ నంబర్ పక్కన పన్నెండు అక్షరాల ఫిజికల్ అడ్రస్ కనిపిస్తే సర్వర్ బతికే ఉంది, కేబుల్ బాగానే ఉంది, ఫైర్‌వాల్ నోరు నొక్కింది. సర్వర్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కి వెళ్లి పబ్లిక్ తీసి ప్రైవేట్ పెట్టండి. ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేసే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. అది తలుపు జామ్ అయితే గోడ కూల్చినట్టు.

తర్వాత పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో సర్వర్ నంబర్, పోర్టు 445 ఇచ్చి చూడండి. షేర్డ్ ఫోల్డర్ నడిచేది ఆ పోర్టు మీదే. టాలీ లైసెన్స్ ఇచ్చే గేట్‌వే సర్వర్ మామూలుగా 9999 మీద ఉంటుంది. 445 తెరుచుకుని 9999 తెరుచుకోకపోతే డేటా కనిపిస్తుంది కానీ టాలీ ఎడ్యుకేషనల్ మోడ్ అంటుంది. అప్పుడు సర్వర్‌లో సర్వీసెస్ లిస్ట్ తెరిచి టాలీ గేట్‌వే సర్వర్ ఆగిపోయిందేమో చూసి స్టార్ట్ చెయ్యండి. రెండూ తెరుచుకుంటే నెట్‌వర్క్‌కి క్లీన్ చిట్ ఇచ్చెయ్యొచ్చు. ఇక చూడాల్సింది టాలీలో డేటా లొకేషన్, ఫోల్డర్ పర్మిషన్లు.

కొత్త పీసీ కొన్నాక మొదలయ్యే గొడవ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కాబట్టి చాలా దుకాణాల్లో కొత్త పీసీలు దిగాయి. వాటిలో విండోస్ 11 24హెచ్2 లేదా ఆ తర్వాతది ఉంటుంది. ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్ మూసేశారు, ఎస్ఎంబీ సైనింగ్ తప్పనిసరి చేశారు. పాత పీసీల్లో సర్వర్ ఫోల్డర్ ఓపెన్ అవుతుంది, కొత్త పీసీలో కాదు. అందరూ కొత్త పీసీ అమ్మినవాణ్ణి అనుమానిస్తారు, పాపం.

దీనికి యూట్యూబ్‌లో రిజిస్ట్రీ మార్చి గెస్ట్ మళ్లీ తెరిచే వీడియోలు ఉన్నాయి. అవి వద్దు. సర్వర్‌లో 'బిల్లింగ్' అని ఒక యూజర్ అకౌంట్ పెట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, డేటా ఫోల్డర్‌కి ఆ యూజర్‌కి పర్మిషన్ ఇవ్వండి. కొత్త పీసీలో ఆ పేరు, పాస్‌వర్డ్ ఒకసారి కొట్టి గుర్తుంచుకోమని టిక్ పెడితే చాలు. పది నిమిషాల పని.

పాత స్కానర్ కోసం ఎస్ఎంబీ 1 ఆన్ చెయ్యమని ఎవరైనా చెప్తే అస్సలు వినకండి. 2017 మేలో ప్రపంచమంతా పాకిన వన్నాక్రై రాన్సమ్‌వేర్ దూరింది ఆ కంతలోంచే. అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయ్యాయి. స్కానర్ నుంచి ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడమే నయం.

అలాగే సావుకారి ఇంటి నుంచి లెక్కలు చూసుకోవడానికి రూటర్‌లో 3389 పోర్టు బయటికి తెరవడం. ఇంటర్నెట్‌లో ఆ పోర్టు కోసం రాత్రింబవళ్లు వెతికే బాట్లు ఉన్నాయి, పాస్‌వర్డ్ ఆదోని1234 అయితే ఇక చెప్పక్కర్లేదు. రూటర్ వ్యాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీది షేర్డ్ ఐపీ, ఆ పోర్టు తెరిచినా పని చెయ్యదు. టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టండి. పోర్టు తెరవక్కర్లేదు, షేర్డ్ ఐపీ మీద కూడా నడుస్తుంది.

కరెంటు, దూది, కేబుల్

సర్వర్‌కి యూపీఎస్ ఉంటుంది. స్విచ్‌కి ఉండదు. ఎందుకంటే స్విచ్ అడాప్టర్ ఎక్కడో ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఉంటుంది, ఎవరికీ గుర్తుండదు. కరెంటు రెండు సెకన్లు పోయొస్తే సర్వర్, కౌంటర్ పీసీ రెండూ ఆన్‌లోనే ఉంటాయి, మధ్యలో దారి తెగుతుంది. ఆ క్షణంలో ఎంట్రీ సేవ్ అవుతుంటే టాలీ డేటా పాడయ్యే ఛాన్స్ ఉంది. స్విచ్, రూటర్ రెండూ తినేది చాలా తక్కువ కరెంటు, సర్వర్ యూపీఎస్‌లోనే పెట్టెయ్యండి.

జిన్నింగ్ మిల్లు ఆఫీసుల్లో ఇంకో శత్రువు ఉంది. గాల్లో తేలే దూది సన్నగా వెళ్లి ప్రాసెసర్ ఫ్యాన్ మీద పరుపులా పరుచుకుంటుంది. 'మధ్యాహ్నం మూడింటికి స్లో అవుతుంది, పొద్దున బాగుంటుంది' అంటే క్యాబినెట్ విప్పి చూడండి. సీజన్‌లో నెలకోసారి బ్లోయర్ కొట్టాలి, ఫ్యాన్ రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని. పొద్దున ఆన్ చెయ్యగానే డేట్ ఏళ్ల వెనక్కి పోతే మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. డేట్ తప్పైతే జీఎస్టీ సైట్ సెక్యూరిటీ ఎర్రర్ చూపిస్తుంది, దాన్ని కూడా నెట్ ప్రాబ్లమ్ అనే అంటారు.

వే బ్రిడ్జి గది నుంచి ఆఫీసుకి లాగిన కేబుల్ కూడా చూడాలి. రాగి లాన్ కేబుల్‌కి 100 మీటర్లే హద్దు. అంతకంటే పొడవుంటే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. పైగా ఆరుబయట రాగి తీగ అంటే పిడుగు పడ్డ రోజు రెండు వైపులా పోర్టులు మాడిపోవచ్చు. అక్కడ ఫైబర్ లాగి, అటొకటి ఇటొకటి మీడియా కన్వర్టర్ పెట్టడమే కరెక్ట్. లోపలి కేబుల్స్‌లో ఎనిమిది తీగల్లో ఒకటి సరిగా క్రింప్ కాకపోతే 1 జీబీపీఎస్ రావాల్సిన లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. ఈథర్నెట్ స్టేటస్‌లో స్పీడ్ చూస్తే తెలిసిపోతుంది.

ఇదంతా అయ్యాక వచ్చేసేముందు ఒక తెల్ల స్టిక్కర్ తీసుకుని సర్వర్ అడ్రస్, రూటర్ అడ్రస్, స్విచ్‌లో ఏ పోర్టు ఏ పీసీదో రాసి సర్వర్ క్యాబినెట్ పక్కన అంటించండి, పాస్‌వర్డ్‌లు మాత్రం రాయకండి. టాలీ బ్యాకప్ రెండు పెన్‌డ్రైవ్‌ల్లో తీయమని గుమాస్తాకి చెప్పండి. ఒకటి ఇంట్లో ఉండాలి, ఏదీ సర్వర్‌కి గుచ్చి వదిలెయ్యకూడదు. రాన్సమ్‌వేర్ వస్తే గుచ్చి ఉన్నదాన్ని కూడా లాక్ చేస్తుంది. ఆ బ్యాకప్‌ను మీ ల్యాప్‌టాప్‌లో ఒకసారి రీస్టోర్ చేసి, నిన్నటి చివరి పట్టీ నంబర్ వచ్చిందో లేదో చూసుకుని బయల్దేరండి.