లైబ్రరీకి ఓ కబురు పంపండి!

మండపేటలో సొంతిల్లు ఉన్నవాళ్లంతా లైబ్రరీకి చందాదారులే! ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం మరి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటిది.

డబ్బు అందరిదీ, వెళ్లేది మాత్రం కొందరే. శాఖా గ్రంథాలయాలు మామూలుగా తెరిచేది పొద్దున్నా, సాయంత్రమూ. సరిగ్గా పొయ్యి వెలిగించే వేళ! పైగా పేపర్ల బల్ల చుట్టూ మగవాళ్లే కనబడితే గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చే ఆడవాళ్లెందరో.

పాఠకులు రాలేకపోతే పుస్తకమే వాళ్ల దగ్గరికెళ్లాలన్న ఆలోచన మనకి కొత్తదేం కాదు. 1935లో గుంటూరు జిల్లా కొల్లూరు, పెదపాలెం మధ్య కాలవలో పాతూరి నాగభూషణం గారు పడవ మీద గ్రంథాలయం నడిపించారు. కాలవల సీమలో పుట్టినవాళ్లకి ఆ సౌకర్యం ఎంతటిదో వేరే చెప్పాలా? ఇవాళ ఆ పడవ పని కొంత సెల్‌ఫోను చెయ్యగలదు.

అలాగని జయంతి సభల ఫోటోలు వాట్సాప్‌లో పెడితే సరిపోదు. చూసి దణ్ణం బొమ్మ పెట్టడం తప్ప మనకందులో పనేముంది? మనం అడగాలి, వాళ్లు జవాబివ్వాలి. ‘ఫలానా నవల ఉందా?’ అంటే, ‘ఉంది, తీసిపెట్టాం, శనివారం రండి’ అని రావాలి. లేకపోతే ‘కొనమని పైకి రాశాం’ అనైనా చెప్పాలి. న్యూజిలాండ్‌లో పుట్టిన ‘కోహా’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంటి నుంచే పుస్తకం వెతికి, మన పేర అట్టేపెట్టించుకోవచ్చు. మావోరీ భాషలో కోహా అంటే కానుకట!

ఇంకో సంగతి. గ్రూపు పెడితే అందులో ఉన్న ప్రతివాళ్లకీ మన నంబరు తెలిసిపోతుంది. చాలామంది చేరకపోవడానికి ఆ భయమే కారణం. అందుకే బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టమనండి. అందులో ఒకరి నంబరు మరొకరికి కనబడదు. లైబ్రరీ నంబరుని మాత్రం మన ఫోనులో దాచుకోవాలి, లేకపోతే కబుర్లు రావు.

చదవడమే కాదు, దిద్దడమూ మన చేతిలో ఉంది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకం పేజీ ఓ పక్కా, టైపు చేసిన పాఠం ఇంకో పక్కా కనిపిస్తాయి. అచ్చుతప్పులు ఎవరైనా సరిచెయ్యొచ్చు. రిటైరైన టీచరమ్మలకి ఇంతకన్నా ఇష్టమైన పనుంటుందా! లైబ్రరీలో కంప్యూటరుంటే వారానికో మధ్యాహ్నం ఇందుకు కేటాయించమని అడగొచ్చు.

ఓ పదిమంది కలిసి లైబ్రేరియన్ గారి దగ్గరికెళ్లండి. మొదలెట్టడానికి ఓ ఫోను నంబరూ, అడిగిన పుస్తకాలు రాసుకునేందుకు ఓ నోటుబుక్కూ చాలు.