మౌనానికి మినహాయింపు ఉందా?

బిడ్డపై లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసినా, పరువు పోతుందని మనం పెదవి విప్పం. చట్టం ఈ సాకును అంగీకరించదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, విషయం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. దాచినవారికి 6 నెలల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

మరి మినహాయింపు ఎవరికి? చెప్పలేకపోయిన బాలలకు ఈ శిక్ష లేదు. నేరం సంగతి నిజంగా తెలియనివారూ దోషులు కారు. సద్భావంతో సమాచారమిచ్చినవారిపై ఎలాంటి బాధ్యతా మోపరాదని చట్టం అభయమిస్తోంది.

హత్య వంటి నేరాల విషయంలో, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 33వ సెక్షన్ సహేతుకమైన కారణాన్ని మన్నిస్తుంది. కాని ఆ కారణాన్ని నిరూపించవలసిన భారం మౌనం వహించినవారిదే.

సాక్ష్యాన్ని దాచడం పాపమని పిల్లలకు బోధిస్తున్న మనం, ముందుగా ఆ పిల్లల మాట ఆలకిద్దాం.